రబ్బరు ముట్టని సకీనా ఆపా

సోమవారం ఉదయం వరంగల్ బండి దిగి, ఇంటికైనా వెళ్ళకుండా, సంచీ భుజాన వేసుకుని నేరుగా పంజాగుట్టలోని మా ఆఫీసుకు వచ్చాను. వరంగల్ శాఖలో తలెత్తిన ఒక చిక్కు ప్రశ్నను కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. "మా ఆపా గారిని అడిగి చెబుతాను, ఆమెకు తెలియని సంగతి ఉండదు" అని మూడు రోజులుగా అక్కడివాళ్ళకు చెబుతూ వచ్చాను. మెట్ల దగ్గర మా సేల్స్‌మన్ నర్సింహ ఎదురయ్యాడు. దూరం నుంచే చెయ్యెత్తి పలకరించే మనిషి, ఆ రోజు తల దించుకుని నిలబడ్డాడు.

"ఆపా పోయింది సార్. శుక్రారం నమాజ్ యాళ్లకు. మీకు ట్రంకాల్ చేసినం, కలవలె. మూడో దినం ఫాతెహా సుత నిన్ననే అయిపోయింది."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మెట్ల మీదే కూలబడ్డాను. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం ఉదయం దాకా ఈ లోకంలో లేని మనిషి పేరు చెప్పి పదిమందికి ధైర్యం చెప్పానన్నమాట. జేబులోని కాగితం తీసి చూసుకుని మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాను.

సకీనా బేగం గారు, మా అందరికీ సకీనా ఆపా, మా మోటార్ల కంపెనీలో రికార్డు గుమాస్తా, ఇక లేరన్న వార్తను ఈ చేతితో రాయవలసి రావడం నా దురదృష్టం. ఆమెను ఎరిగినవారు ఈ నాలుగు మాటలూ చదివి మరొక్కసారి తలచుకుంటారని, ఎరుగనివారు ఇటువంటి ఒక నిష్ఠాగరిష్ఠురాలు అమీర్‌పేట, పంజాగుట్టల నడుమ ఇన్నేళ్ళు నిశ్శబ్దంగా నడిచి వెళ్ళిందని తెలుసుకుంటారని నా ఆశ. పత్రికల్లో ఆమె బొమ్మ పడలేదు. సన్మానాలు జరగలేదు. ఆమె కీర్తి అంతా ఆరు ఇనుప డ్రాయర్లలో ఉంది.

బోరుబావుల్లో దించే మోటార్లు అమ్మే సంస్థ మాది. ఆపా భర్త మా గోదాములో పనిచేస్తూ చిన్న వయసులోనే పోయారు. ఇప్పటి యజమాని సత్తిరెడ్డి గారి తండ్రి ఆమెను పిలిపించి పని ఇచ్చారు. ఉర్దూ మీడియంలో మెట్రిక్ చదివిన ఆమె తెలుగు రాయడం ఆఫీసులోనే నేర్చుకున్నారు. అక్షరాలు కొంచెం ఎడమకు వాలి ఉండేవి గానీ ఒక్కటీ తప్పు పోయేది కాదు. అమీర్‌పేట గల్లీలోని ఇంటి నుంచి రోజూ నడిచే వచ్చేవారు. బస్సెక్కవచ్చు కదా అంటే, "గా బస్సుల నిలబడుడు కన్న నడుసుడే నయం తమ్మీ, తొవ్వల నాలుగు ముఖాలన్న కనిపిస్తయ్" అనేవారు. వచ్చాక బురఖా విప్పి, మడత పెట్టి, కుర్చీ వీపున వేసి, దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని మొదటి డ్రాయరు లాగేవారు. ఆ ఇనుప చప్పుడు వినిపిస్తేనే మాకు ఆఫీసు మొదలైనట్టు.

నేను గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి. అందరినీ గారు అని పిలవడం మా వైపు అలవాటు. మొదటి రోజున "ఆపా గారూ" అన్నాను. ఆమె కళ్ళజోడు పైనుంచి చూసి, "ఆపా అంటేనే అక్క. గారు సుత ఎందుకు? రెండు దుప్పట్లు కప్పినట్టున్నది, ఉబ్బరిస్తది తమ్మీ" అన్నారు. ఎదురుగా ఆపా అనడం నేర్చుకున్నాను. వెనుక మాత్రం గారు మానలేదు. ఇప్పుడు ఎదురుగా పిలిచే అవకాశం ఎలాగూ పోయింది.

మోటారు అమ్మడమంటే మిఠాయి పొట్లం కట్టి ఇవ్వడం కాదు. ఒక ఇంటాయన వచ్చి విచారిస్తాడు. మా మనిషి వెళ్ళి బోరు చూసి వస్తాడు. ధర కాగితం ఇస్తాడు. ఇంటాయన ఆలోచిస్తానంటాడు, ఖాయమంటాడు, మర్నాడు బావమరిది ఏదో అన్నాడని ఆగమంటాడు. చివరికి మోటారు బిగించడమో, వద్దనడమో జరుగుతుంది. ఇంటికొక కార్డు చొప్పున ఈ మలుపులన్నీ ఆపా రాసేవారు. మలుపు తిరిగినప్పుడల్లా కొత్త వరుస: తేదీ, ఏమైంది, ఎవరు పోయి మాట్లాడారు. పై వరుసను తాకేవారు కాదు. కుడి చివర సన్నటి ఉర్దూ అక్షరాల్లో ఇంకేదో రాసుకునేవారు. అదేమిటని మాలో ఎవరూ అడగలేదు. ఏ దువానో, ప్రార్థననో రాసుకుంటున్నారు కాబోలని నేను అనుకున్నాను. చదువుకున్నవాడి అజ్ఞానానికి హద్దులుండవు.

ఆఫీసుకు కొత్త పెన్సిళ్ళు వచ్చిన రోజున ఆమె చేసే మొదటి పని, వాటి చివరల రబ్బరు ముక్కలను బ్లేడుతో కోసి చెత్తబుట్టలో వేయడం. ఒక్కొక్కదాన్నే, కూరగాయ తొడిమ తీసినట్టు కోసేవారు. నేను చూసి నవ్వితే, "నవ్వకు. రబ్బరు దగ్గరుంటే చెయ్యి ఊకోదు, తుడుస్తది" అన్నారు. మరి పొరపాటు రాస్తే ఏం చేస్తారని అడిగాను. "మీదికెల్లి ఒక్క గీత కొట్టు, కింద సరిగ్గ రాయి. కొట్టేసింది సుత చదవరావాలె. తప్పు రాసినమని తెల్వద్దా?" అన్నారు. పొరపాటు చేయడం ఆమె దృష్టిలో నేరం కాదు, దాన్ని మాయం చేయడమే నేరం. ఆ తేడా నాకు తలకెక్కడానికి రెండేళ్ళు పట్టింది.

మధురానగర్‌లో ఒక బడి మాస్టారు ఉండేవారు. ఆయన కార్డు ఆఫీసులో ఒక వినోదం. విచారించారు. ఆలోచిస్తానన్నారు. ఖాయమన్నారు. మళ్ళీ ఆలోచిస్తానన్నారు. కార్డు ఒక వైపు నిండి వెనక్కి తిప్పవలసి వచ్చింది. నేను విసుక్కుని, "ఇవన్నీ ఎందుకండీ, ఇప్పుడాయన ఏమంటున్నాడో అది రాస్తే చాలదా?" అన్నాను. ఆపా కార్డును నా ముందుకు జరిపి, "నిన్న ఖాయమన్నడు. నిన్నటికి గది నిజమే గద. ఇయాల మనసు మారితే నిన్నటిది ఎందుకు కొట్టేస్తవ్?" అన్నారు. నేను భుజాలెగరేశాను. ఆ ప్రశ్న విలువ తెలియక కాదు, ఒక కార్డుల గుమాస్తా నాకు ప్రశ్న వేయడమేమిటన్న అహంకారం. నేను అమీర్‌పేటలో ఒక మేడ మీది గదిలో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, చేతిలో ఫ్లాపీ పట్టుకుని వచ్చినవాణ్ణి. ఆ రోజుల్లో ఫ్లాపీ చేతిలో ఉంటే మా నడకే వేరుగా ఉండేది.

మా ఆఫీసుకు కంప్యూటర్ రావడం ఒక పండుగలా జరిగింది. ఒక గదికి ఏసీ పెట్టారు. దుమ్ము పడుతుందని చెప్పులు బయట విడిచి రమ్మని నేనే బోర్డు పెట్టాను. ఆపా చెప్పులు విప్పి, తల మీద కొంగు సర్దుకుని లోపలికి వచ్చి, "దర్గాకు వచ్చినట్టున్నది. మొక్కాల్నా?" అని అడిగారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, నాకు అది నిజంగానే గుడి.

కార్డులన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కించే పని నాది. ఒకే పట్టిక తయారుచేశాను. ఇంటాయన పేరు, పేట, స్థితి, చూస్తున్న మనిషి పేరు. స్థితి మారితే పాతది పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఎంత పొందిక! ప్రతి కార్డు నుంచీ చివరి వరుస మాత్రమే తీసుకున్నాను. కుడి చివరి ఉర్దూ రాతను వదిలేశాను. ఎందుకు వదిలేశానంటే అవసరం లేదని కాదు, నాకు చదవరాదు గనుక. నాకు చదవరానిది అవసరం లేనిదని తేల్చేశాను. ఆపా పక్కన నిలబడి చాలాసేపు చూసి, "మరి ఇంతకుముందు ఏముండెనో గిది చెప్తదా?" అన్నారు. "పాత సంగతులతో పనేంటి ఆపా, ఇప్పుడున్నది తెలిస్తే చాలదా?" అన్నాను. కార్డులను గోదాముకు పంపేయమని నేను సలహా ఇచ్చాను. ఆమె పంపలేదు. రోజూ మధ్యాహ్నం రొట్టె తిన్నాక మిగిలిన సమయంలో, జీతంలో లేని పనిగా, కార్డులు రాస్తూనే పోయారు. మొండితనమని నేను నలుగురిలో అన్నాను కూడా.

ఇక నర్సింహ సంగతి చెప్పాలి. బోరబండ మనిషి. తండ్రి మట్టిపని చేసేవాడు. తాను పదో తరగతి గట్టెక్కి, సైకిలు మీద ఊరంతా తిరిగి మోటార్లు అమ్మేవాడు. ఇద్దరు ఆడపిల్లలు బడిలో ఉన్నారు. ఆ ఎండాకాలం బోర్లన్నీ అడుగంటి జనం మోటార్ల కోసం తిరుగుతున్న రోజులు. మే నెలాఖరున నర్సింహ తొమ్మిది ఇళ్ళు ఖాయమైనట్టు కాగితం రాసి ఇచ్చాడు. జూన్ మధ్యలో యజమాని సత్తిరెడ్డి గారు నన్ను పిలిచి, మే నెలలో ఎవరు ఎన్ని ఖాయం చేశారో తీయమన్నారు. నేను ప్రింటరు గరగరలాడించి కాగితం చించి గర్వంగా ఇచ్చాను. నర్సింహ పేరు ఎదురుగా రెండు ఉంది.

యజమాని మా అందరి ముందే నర్సింహను నిలబెట్టారు.

"ఏందిది? నువ్వు తొమ్మిదని రాసిచ్చినవ్. ఈడ రెండే ఉన్నయ్. మిగిలినయి ఏడికి పోయినయ్?"

"తొమ్మిదే సార్. నేనే ఇల్లిల్లు తిరిగిన. మీ మీద ఒట్టు."

"ఒట్లు పెట్టకు." యజమాని నా వైపు తిరిగారు. "ఏమయ్యా, కంప్యూటర్ తప్పు చెప్తదా?"

"చెప్పదండి" అన్నాను.

ఈ ఒక్క మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నేను అబద్ధం చెప్పలేదు, యంత్రం తప్పు చెప్పలేదు. అడిగింది మే నెల సంగతి, అది చెప్పింది జూన్ నాటి సంగతి. తొమ్మిదిలో అయిదు ఇళ్ళకు అప్పటికే మోటార్లు బిగించారు. బిగించగానే స్థితి మారింది, మనిషి పేరున్న గడిలో నర్సింహ పోయి ఫిట్టరు పేరు వచ్చింది. రెండు ఇళ్ళు తరువాత చేజారాయి. మిగిలినవి రెండు. నేను కట్టిన పట్టిక ప్రతి మార్పుతోనూ ఆ మనిషి కష్టాన్ని కొంచెం కొంచెంగా తుడిచేసింది. ఇది నాకు ఆ నిమిషంలోనే లీలగా తోచింది. అయినా నోరు విప్పలేదు. నా గుడిలో లోపముందని నేనే ఎలా చెప్పను?

"రేపటి సంది రాకు" అని యజమాని తన గదిలోకి వెళ్ళిపోయారు. నర్సింహ సైకిలు తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు ఇనుప డ్రాయరు చప్పుడైంది. ఆపా డ్రాయరును పూర్తిగా ఊడబెరికి, రెండు చేతులా పట్టుకుని యజమాని గదిలోకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. బల్ల మీద దాన్ని దింపి, తొమ్మిది కార్డులు ఏరి, పేక ముక్కల్లా వరుసగా పరిచారు.

"సార్, జర చూడుర్రి. మే ముప్పయ్యొకటిన ఏది ఎట్లుండెనో గీ కార్డులల్ల ఉన్నది. తొమ్మిది ఖాయమే. ఇగో, నర్సింహ పేరు. ఇగో, ఇగో."

యజమాని ఒక్కొక్కటే చూశారు. ఒక కార్డు దగ్గర ఆగారు. అది మధురానగర్ మాస్టారిది.

"మరి గిదేంది ఆపా? ఇరవై అయిదు నాడే ఆయన వేరే దుకాణంల కొనుక్కున్నడని నువ్వే రాసినవ్. ముప్పయ్యొకటిన నర్సింహ ఖాయమని ఎట్ల రాసిండు? గిదొక్కటన్న అబద్ధమే గద?"

ఆపా తొణకలేదు. కుడి చివర ఉర్దూ అక్షరాల మీద వేలు పెట్టారు.

"ఆయన కొన్నది ఇరవై అయిదున. మనకు తెలిసింది జూన్ నాలుగున, మాస్టారి భార్య చెప్తే. గదే ఈడ రాసిన. ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పిన్రు. తెలవకముందు చెప్పింది అబద్ధమెట్లయితది సార్?"

సత్తిరెడ్డి గారు కోపిష్ఠి గానీ న్యాయం తెలిసిన మనిషి. మళ్ళీ మొదటి కార్డు నుంచి చూసుకొచ్చారు. తరువాత, "మరి కంప్యూటర్ల గిదెందుకు లేదు?" అన్నారు. నేను నేల చూపులు చూశాను. నోరు తెరిచేలోగా ఆపా అందుకున్నారు.

"తప్పు నాదే సార్. నేను ఉర్దూల రాసిన. గా పిల్లగానికి చదవరాదు."

యజమాని ఆమెనే మందలించారు. ఇకమీదట అందరికీ తెలిసే భాషలో రాయమన్నారు. ఆమె తల ఊపి, కార్డులు సర్దుకుని బయటికి వచ్చారు. నేను వెంటపడి, అలా ఎందుకు చెప్పారని అడిగాను. "తిట్లు నీకు పడితే నువ్వు తప్పును దాచుడు మీద పడ్తవ్. నాకు పడితే నువ్వు కూసోని మంచిగ చేస్తవ్. నాకు అలవాటే, ఫికర్ చెయ్యకు" అన్నారు. తరువాత, "మొదలు పోయి గా పిల్లగాన్ని పిల్చుకరా" అన్నారు.

ఆ సాయంత్రం బోరబండ వెళ్ళాను. నర్సింహ ఇంటి ముందు రాతి మీద కూర్చుని పెద్దపిల్లకు ఎక్కాలు చెప్పిస్తున్నాడు. నన్ను చూసి లేచి, "కంప్యూటర్ నన్ను దొంగను చేసింది సార్" అన్నాడు. "కంప్యూటర్ కాదు నర్సింహా, నేను" అన్నాను. అతను అర్థం కానట్టు చూశాడు. అది మర్యాదకు అన్న మాట అనుకున్నాడేమో. అతని భార్య చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగడానికి సిగ్గేసింది, తాగాను. మర్నాడు అతను పనిలోకి వచ్చాడు.

ఆ తరువాతి వారం నా జీవితంలో అసలు చదువు. ఆపా రోజూ చెప్పులు విప్పి వచ్చి నా పక్కన కూర్చునేవారు. ఉర్దూ అంకెలు, నాలుగు మాటలు నేర్పించి, కార్డుల కుడి చివర తాను రాసుకున్నది నా చేత చదివించారు. పాత పట్టికను పక్కన పెట్టి కొత్తవి కట్టాను. ఒకదానిలో ఇంటి సంగతులు, అంటే పేరు, పేట, బోరు లోతు వంటి మారనివి. రెండోదానిలో మలుపులు మాత్రమే: ఏ ఇల్లు, ఏ స్థితి, జరిగిన తేదీ, తెలిసిన తేదీ, ఎవరి పని, ఎవరు చెప్పారు. ఇందులో వరుసలు కలపడమే గానీ మార్చడం, తీయడం లేదు. ఇప్పుడు ఏమిటని అడిగితే చివరి వరుస చూడాలి. మే నెలాఖరున ఏమిటని అడిగితే ఆనాటికి మనకు తెలిసిన వరుసల్లో చివరిది చూడాలి. నాకు ఏ గురువూ చెప్పని పాఠం ఇది. చెప్పినామె కీబోర్డును ఒక్కసారీ ముట్టలేదు.

వాదించకుండా మాత్రం ఒప్పుకోలేదు. "ఇన్ని వరుసలు పెడితే డిస్కులో చోటు చాలదు ఆపా" అన్నాను. "జాగా లేదని నిజం పారేస్తరా? పాతయి ఫ్లాపీలల్ల పెట్టు. డబ్బాలు నేను తెస్త" అన్నారు. తెల్లారి నిజంగానే బిస్కెట్ల రేకు డబ్బాలు రెండు కడిగి, ఆరబెట్టి తెచ్చారు. మా పాత ఫ్లాపీలు ఇప్పటికీ వాటిలోనే ఉన్నాయి.

స్థితులకు వాడే మాటల దగ్గర ఇంకో పేచీ. ఒకడు ఖాయమని రాస్తాడు, ఇంకొకడు పక్కా అంటాడు, మరొకడు ఓకే అంటాడు. మూడూ ఒకటేనని మనిషికి తెలుసు, యంత్రానికి తెలియదు. ఆపా ఏడు మాటలు ఎంపిక చేశారు. వాటిని మూడో పట్టికలో పెట్టి, అవి తప్ప ఇంకేవీ తీసుకోకుండా కట్టుదిట్టం చేశాను. ఆ ఏడింటిలో "ఖబర్ లేదు" అన్నది ఒకటి. నెల రోజులుగా ఇంటాయన నుంచి కబురు లేకపోతే పాత స్థితే సాగుతోందని అనుకోరాదని ఆమె పట్టు. "తెలవదు అని రాసుడు సుత రాసుడే. మనసులకెల్లి పుట్టించి రాయకు" అన్నారు. కొత్త మాట కలపాలంటే ఆపాను అడగవలెను అని నేనే చీటీ రాసి కంప్యూటర్‌కు అంటించాను. అప్పుడది సరదాకు రాసిందే. తరువాత ఆఫీసు చట్టమైంది.

పని పూర్తయిన రోజున మే నెల నివేదిక తీశాను. నర్సింహకు తొమ్మిది వచ్చింది. ఆపా, "మల్ల తియ్యి" అన్నారు. తొమ్మిది. నెల తరువాత ఇంకోసారి తీయించారు. తొమ్మిదే. అప్పుడు ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, "ఇగ ఎవరన్న ఎప్పుడన్న అడగనీ" అన్నారు. ఆమె ముఖంలో అంతటి తృప్తిని మళ్ళీ చూడలేదు.

కడపటి ఏడాది ఆమె బాగా నీరసించారు. నడక మాని బస్సులో వచ్చేవారు. ఎలా ఉంది ఆపా అంటే, "నిన్నటికన్న ఇయాల నయం" అనేవారు. ఎవరినీ కంగారు పెట్టడం ఇష్టం లేక. రికార్డుల విషయంలో తప్ప మరెక్కడా ఆమె చెప్పింది పూర్తిగా నమ్మడానికి వీల్లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. నేను గురువారం వరంగల్‌కు బయలుదేరుతుంటే, "జల్ది రా తమ్మీ" అన్నారు. ఎప్పుడూ అనే మాటే, అందుకని నేను వెనక్కి తిరిగి చూడలేదు.

సోమవారం ఆమె కుర్చీ దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద గురువారం రాసిన కార్డు ఒకటి ఉంది. మధురానగర్ మాస్టారిది! వేరే దుకాణంలో కొన్న మోటారు కాలిపోయిందట. మళ్ళీ వచ్చి విచారించారు. ఆలోచించి చెబుతామన్నారు. కుడి చివర ఉర్దూలో ఇలా ఉంది: ఈ రోజే తెలిసింది, ఆయనే చెప్పారు. యజమాని ఆనాడు చెప్పినా ఆమె ఉర్దూ మానలేదు. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి రాసేవారు. కూడబలుక్కుని చదివాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే దుఃఖం ముంచుకొచ్చింది. ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నాకు సిగ్గు లేదు.

మధ్యాహ్నం యజమాని పిలిచి, సిబ్బంది పట్టికలోంచి ఆమె పేరు తీసేయమన్నారు. సిబ్బంది పట్టికను కూడా ఆపా పద్ధతిలోనే కట్టాను కనుక తీయడమన్నది అందులో లేదు, కింద ఒక వరుస కలపడమే. చేరారు, సెలవు, బదిలీ, మానేశారు. ఈ నాలుగు మాటల్లో ఏదీ సరిపోలేదు. కొత్త మాట కలపాలి. కలపాలంటే ఆపాను అడగాలి. చీటీ ఎదురుగానే ఉంది, నా చేతిరాతే. వేళ్ళు కీబోర్డు మీద అలాగే ఆగిపోయాయి. నర్సింహ ఎప్పుడొచ్చాడో, వెనక చెప్పులు లేని కాళ్ళతో నిలబడ్డాడు.

"రాయి సార్. రెండు తేదీలు రాయి. ఆపా ఉంటే గదే అంటుండె."

కన్నుమూశారు అన్న మాట కలిపాను. జరిగిన తేదీ శుక్రవారం. తెలిసిన తేదీ, రాస్తున్న నాకు, సోమవారం. చెప్పినవారు నర్సింహ. పైన, పనిలో చేరారు అన్న పాత వరుస చెక్కుచెదరకుండా ఉంది. ఆ రెండు తేదీల నడుమ నేను వరంగల్‌లో చెప్పిన మాటలు ఆమె తీర్పు ప్రకారం అబద్ధాలు కావు. తెలవకముందు చెప్పినవి. ఆ ఊరట కూడా ఆమె ఇచ్చి పోయిందే.

ఇటువంటి మనిషి మాకు మళ్ళీ దొరకరు. ఆమె కుర్చీలో ఎవరో కూర్చుంటారు, డ్రాయరు లాగుతారు. ఆ చప్పుడు మాత్రం వేరుగా ఉంటుంది. ఆమె సమాధి మీద పూలు వేసి వచ్చాను గానీ అవి ఆమెకు నచ్చే నివాళి కాదని నాకు తెలుసు. ఆమెకు నచ్చేది ఒక్కటే. అది ఇన్నేళ్ళూ చేయలేకపోయాను.

సత్తిరెడ్డి గారూ, ఆ జూన్ నెలలో మీ గదిలో "తప్పు నాదే" అన్నారు సకీనా ఆపా. ఆ మాటను చెరపడం లేదు. చదవరావాలి కనుక దాని మీద ఒక్క గీత మాత్రం కొట్టి, కింద సరిగ్గా రాస్తున్నాను. తప్పు నాది. జరిగిన తేదీ మీకు గుర్తుంది. తెలిసిన తేదీ, మీరు ఇది చదువుతున్న ఈ రోజు. చెప్పినవాణ్ణి నేనే.